పిల్లలకోడి

పిల్లలకు నక్షత్రాలు చూపిద్దామనుకునే తండ్రులు మొట్టమొదట చేసే పని దుర్భిణి ధర వాకబు చెయ్యడం. రెండో పని, ఆ ధర విని ఆ ఆలోచన మానుకోవడం. కొందరు ధైర్యవంతులు కొంటారు కూడా. అలా కొన్నవి మా మిత్రుల ఇళ్ళల్లో రెండు నేనెరుగుదును. ఒకటి బీరువా మీద అట్టపెట్టెలోనే ఉంది. రెండోదాని ముక్కాలిపీట మీద తడితువ్వాళ్ళు ఆరేస్తున్నారు.

మా ఇంట్లో దుర్భిణి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒక పాత బైనాక్యులర్సు, ఒక రూళ్ళ నోటుబుక్కు, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు, మా అమ్మ. మా ఖగోళ పరిశోధనాలయం సామగ్రి అంతా ఇంతే.

దీనికంతటికీ కారణం హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆనాడు విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకి దాని గురించి నేను చెప్పనక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. తెల్లవారి చూస్తే ఊళ్ళో ఒక్క చెట్టుకి తల లేదు. మా వీధి చివర నలభై ఏళ్ళుగా తూర్పుదిక్కుని కప్పేసిన నిద్రగన్నేరు వేళ్ళతో సహా పడుకుని ఉంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. పగలంతా నీళ్ళ ట్యాంకరు వెనకాల పరుగులు. రాత్రయితే ఇంట్లో ఉక్క భరించలేక అందరం చాపలు పట్టుకుని డాబా ఎక్కేవాళ్ళం.

పౌర్ణమి వెళ్ళి వారం కావస్తోంది కనక చంద్రుడు రాత్రి చాలా పొద్దుపోయాక గాని రావడం లేదు. ఊరంతా చీకటి. ఆ చీకట్లో మా అమ్మాయి (అప్పటికి ఎనిమిదేళ్ళది, మూడో తరగతి) వెల్లకిలా పడుకుని, ఉన్నట్టుండి, "నాన్నా! ఆకాశం నిండా దుమ్ము పడింది!" అంది. అది పాలపుంత. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్ల, దానికి ఆకాశమంటే చంద్రుడూ, విమానాల దీపాలూను.

"ఆ తెల్లది ఏమిటి? ఆ ఎర్రది ఏమిటి?" అని మొదలుపెట్టింది. నేను చదువుకున్నది అర్థశాస్త్రం. నక్షత్రాల్లో నాకు తెలిసినది అరుంధతి ఒక్కటే, అదీ పెళ్ళిళ్ళలో చూపిస్తారు గనక. మండువేసవిలో పన్నెండు గంటల ముహూర్తానికి పురోహితుడు పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి వేలు పెట్టి చూపిస్తే, "కనిపించిందండీ" అని నేనూ మా ఆవిడా ఏకకంఠంతో అన్నవాళ్ళమే. మా దాంపత్యంలో కలిసి ఆడిన మొదటి అబద్ధం అది.

నేను నీళ్ళు నములుతుంటే చీకట్లోంచి మా అమ్మ గొంతు వినిపించింది. "తూరుపేపు సూడు బుల్లీ. అన్నాలు తిన్న యేళయింది గదా. పిల్లలకోడి లెగాల."

మా అమ్మ వంశధార ఒడ్డు పల్లెటూరి మనిషి. మా నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన ఏడాదిన్నరలో ఆవిడ మా ఇంట్లో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అపార్టుమెంటులో ఆవిడకి తెలిసిన పని ఒక్కటీ లేదు. గ్యాసుపొయ్యి మా ఆవిడది, టీవీ మా అమ్మాయిది, పేపరు నాది. గోడకి ఆనుకుని కూర్చోవడం ఒక్కటే ఆవిడ వాటాకి మిగిలింది. అలాంటి మనిషి ఆ రాత్రి గంటసేపు మాట్లాడింది.

కూలిన చెట్టు ఇచ్చిన సందులోంచి, ఎదుటి మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కనించి, నిజంగానే చిన్న మబ్బుతునకలాంటిది లేచింది. తేరిపార చూస్తే ఒక గుత్తి చుక్కలు. పంచాంగంలో కృత్తికలు. మా అమ్మ లెక్కలో కోడి, దాని చుట్టూ పిల్లలు. పొలానికి రాత్రిపూట నీళ్ళు కట్టేవాళ్ళకి అదే గడియారమట. కోడి నడినెత్తికొస్తే ఒకరి వంతు అయిపోయినట్టు, రెండో రైతు వచ్చి మడవ తిప్పుకుంటాడు. దాని మీద తగువులూ తలకాయలు పగలడాలూ కూడా ఉండేవిట. వేగుచుక్క పొడిస్తే ఆడవాళ్ళు లేచి కళ్ళాపి చల్లేవారు. సప్తర్షులు ఆవిడకి ఋషులు కారు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచంకోళ్ళు, వెనకాల మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికొచ్చిన దొంగలు. ముసలమ్మకి మెలకువ వచ్చేస్తుందేమోనని భయపడుతూ దొంగలు ఇప్పటికీ అలా తిరుగుతూనే ఉన్నారు. మా అమ్మాయికి ఋషులకన్న దొంగలు బాగా నచ్చారు.

ఆ వారంలోనే ఇంకో సంగతి జరిగింది. పక్కవాటా ఆవిడ ఓదార్పుగా, "మీ తాతగారు కూడా అక్కడే చుక్క అయి ఉంటారమ్మా" అంది. అందరం పిల్లలకి చెప్పేదే. మా అమ్మాయి దాన్ని అలా వదిలెయ్యలేదు. "మామ్మా, తాత ఏ చుక్క?" అని అడిగింది. నాకు గుండె గొంతులోకి వచ్చింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. అమ్మ తాపీగా, "మీ తాత మన్నయిపోనాడు బుల్లీ. సుక్కలు ఆయన పుట్టకముందు కూడా ఉన్నాయి. ఆయన కూడా ఈటినే సూసి నీళ్ళు కట్టీవోడు" అంది. నేను తరవాత ఎన్ని పుస్తకాలు చదివినా ఆ విషయం మీద అంతకన్న శాస్త్రీయమైన వాక్యం నాకు కనబడలేదు.

ఎనిమిదో రోజున మా వీధికి కరెంటు వచ్చింది. మేడలన్నిటి మీంచీ జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి ఒక్కతే ఏడుపుమొహం పెట్టింది.

అంతటితో పోవలసిన ముచ్చటే. కాని పిల్ల నోటుబుక్కు తెరిచింది. రోజూ రాత్రి ఎనిమిది గంటలకి నీళ్ళ ట్యాంకు బొమ్మ వేసి, పిల్లలకోడి దానికి ఎంత ఎత్తులో ఉందో చుక్క పెట్టేది. దీపావళి నాటికి తగువుకొచ్చింది. "మామ్మా, నీ కోడి రోజూ ముందే లేచేస్తోంది!" "లెగదేటి మరి? కార్తీకానికి పొద్దుగూకీసరికే లెగాల" అంది అమ్మ. నేను పుస్తకం చూసి లెక్క చెప్పాను. ఏ నక్షత్రమైనా ముందురోజుకన్న దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. నెలకి రెండు గంటలు, సంవత్సరానికి సరిగ్గా ఒక రోజు. అసలు మనం "కార్తీకం" అనేదే ఆ నెల పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు గనక. చైత్రానికి చిత్త, వైశాఖానికి విశాఖ. విశాఖ పేరుగల ఊళ్ళో ఉంటూ ఈ సంగతి నాకు నలభై రెండో ఏట తెలిసింది.

మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని కొంత చెబుతాను. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోను వెలిగిస్తే ఆ తపస్సంతా భంగం. అందుకే టార్చికి ఎర్ర కాగితం. కొలతకి మన పిడికిలి చాలు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. పిల్లల చెయ్యి చిన్నది కదా అంటారేమో, పిడికిలి కూడా చిన్నదే గనక లెక్క సరిపోతుంది. ధ్రువనక్షత్రం మనం ఉన్న ఊరి అక్షాంశమంత ఎత్తులో ఉంటుంది. విశాఖపట్నానికి 17.7 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ళకి కాస్త తక్కువ. దాన్ని మిలమిల మెరిసిపోయే చుక్క అనుకుని వెతికేవాళ్ళకి ఆశాభంగం తప్పదు. అది ఒక మధ్యతరగతి నక్షత్రం. దాని గొప్పదనమంతా కదలకపోవడంలోనే ఉంది, కొందరు గుమాస్తాల మాదిరిగా.

ఇంకొక మాట. ఇంగ్లీషు పుస్తకాలు చాలామటుకు లండనువాళ్ళ కోసం, న్యూయార్కువాళ్ళ కోసం రాసినవి. ఫిబ్రవరి రాత్రుల్లో మనకి దక్షిణాన రెండు పిడికిళ్ళ ఎత్తున వెలిగే అగస్త్య నక్షత్రం లండనువాడికి జన్మలో కనబడదు. మొత్తం ఆకాశంలో సిరియస్ తరవాత అంత ప్రకాశవంతమైన నక్షత్రం ఇంకొకటి లేదు. ఢిల్లీవాడికి కూడా పిడికిలెత్తే. మే నెల మొదట్లో రాత్రి పది గంటలవేళ సముద్రం మీద పొగమంచు లేకపోతే త్రిశంకుడు కూడా కనిపిస్తాడు, దక్షిణాన బాగా కిందుగా, శిలువ ఆకారంలో. ఉత్తరాన ధ్రువుణ్ణీ దక్షిణాన త్రిశంకుణ్ణీ ఒకే డాబా మీంచి చూడగలిగిన అదృష్టవంతులం మనం. ఇది మాత్రం కాస్త గర్వంగానే చెబుతున్నాను.

బైనాక్యులర్సు పాత ఓడసామాను అమ్మేచోట బేరమాడి కొన్నది. దానిమీద 7×50 అని ఉంటుంది. ఏడు రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందరి అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఎక్కువ రెట్లు చూపించేవి చేతిలో వణుకుతాయి. దీన్ని బట్టలారేసే దండెం గడకి ఆనించి పట్టుకుంటే గురుగ్రహం చుట్టూ ఉండే నాలుగు చంద్రుల్లో ఇద్దరో ముగ్గురో సూదిమొనల్లా తెలుస్తారు. 1610లో గెలీలియో చూసినవి అవే. ఒక చిక్కుమాత్రం ఉంది. రాత్రిపూట బైనాక్యులర్సు పట్టుకుని డాబా మీద తిరిగే మగవాణ్ణి అపార్టుమెంటువాళ్ళు ఏమనుకుంటారో ఊహించుకోండి. పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళడంలో ఇదొక సౌకర్యం. ఆ తరవాత అనుమానం తీరి, గౌరవం కలిగి, ఇద్దరు పెద్దమనుషులు కొడుకుల జాతకాలు పట్టుకొచ్చారు. అది వేరే కథ.

నవంబరులో ఒకరాత్రి మా అమ్మాయి నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "నాన్నా, మామ్మకి చుక్కలేవీ కనిపించడం లేదు. అన్నీ గుర్తుండి చెబుతోంది" అంది.

ఎలా తెలిసిందన్నాను. ఏమీ లేని చోట వేలు చూపించి "అదేం చుక్క మామ్మా?" అని అడిగిందిట. "నీకేటి అవుపిస్తందో నువ్వు సెప్పు" అందిట మామ్మ. పిల్లలకోడికి ఎన్ని పిల్లలంటే కూడా అదే జవాబు. ఇంకా, చవితి చంద్రుడు ఎన్నున్నాడంటే, నవ్వుతూ, "మూడు సెందమామలు" అందిట.

అడిగితే అమ్మ దాచలేదు. రెండేళ్ళయింది కంటికి పొర కమ్మి. ఊళ్ళో ఎవరికో కంటి ఆపరేషన్ వికటించి ఉన్న చూపు కూడా పోయిందని భయం. పైగా, "ఇక్కడ నాను సూడవలసినది ఏటుంది?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తనకి కనబడని ఆకాశాన్ని నెలరోజులపాటు ఆవిడ పిల్లకి చూపించింది. దిక్కూ వేళా తెలిసినదానికి కళ్ళెందుకన్నట్టు. ఒక్కటి కూడా తప్పలేదు.

ఆపరేషనుకి ఒప్పించడం నా వల్ల కాలేదు. ఒప్పించినది ఒక తోకచుక్క. 2014 ఆగస్టులో ఆస్ట్రేలియాలో లవ్‌జాయ్ అనే ఔత్సాహికుడు, ఉద్యోగం ఒకటి చేసుకుంటూ తీరికవేళల్లో ఆకాశం చూసే మనిషి, కనిపెట్టినది అది. 2015 సంక్రాంతికి మేం ఊరు వెళ్ళేసరికి సరిగ్గా కృత్తికలకి పడమటిపక్క ఉంది. మా ఊరి పొలాల్లో, చలిమంట ఆరిపోయాక, కంటికే లీలగా తెలుస్తోంది. బైనాక్యులర్సులో పచ్చని ఛాయతో దూదిపింజలాగుంది. "మామ్మా, నీ కోడి పక్కనే వచ్చింది, చూడు, చూడూ" అని పిల్ల ఆవిడ మెడకి బైనాక్యులర్సు తగిలించింది. అమ్మ చాలాసేపు అలాగే పట్టుకు నిలబడింది. తరవాత తీసి పిల్ల చేతికిచ్చేసి, తన పెళ్ళయిన కొత్తలో తెల్లారుజామున తూర్పున చీపురుకట్టంత తోకచుక్క లేచిందనీ, ఊరంతా చూసిందనీ, కొత్తకోడలు బయటికి రాకూడదని తనని రానివ్వలేదనీ చెప్పింది. లెక్క వేస్తే అది 1965లో వచ్చిన ఇకెయా-సెకి అవుతుంది. "అప్పుడు అత్త సూడనియ్యలేదు, ఇప్పుడు కల్లు సూడనియ్యలేదు" అంది. కనుమ మర్నాడు బస్సులో తనే అంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని.

జనవరి ఆఖరివారంలో ఒక కంటికి చేశారు. ఇరవై నిమిషాల పని. మూడు వారాలు తలస్నానం లేదు, వంగకూడదు, చుక్కలమందు. "ఏ సుక్కలు సూడాలన్నా ముందు ఈ సుక్కలు పడాల" అని ఆవిడ హాస్యం.

శివరాత్రినాడు, ఎలాగూ జాగారమని, డాబా ఎక్కించాం. పడమట శుక్రుడు దిగిపోతున్నాడు. తూర్పున గురుడు. పిల్లలకోడి నడినెత్తి దాటి కాస్త పడమటికి వాలింది. అమ్మ తలెత్తి చూసింది. మేమెవ్వరం మాట్లాడలేదు. "ఇంత తెల్లగుండీవా?" అంది ముందు. పొర కమ్మిన కన్ను లోకాన్ని పసుపుపచ్చగా చూపిస్తుందనీ, అది తీసేశాక తెలుపూ నీలమూ కొత్తగా కనిపిస్తాయనీ డాక్టరు చెప్పాడు గాని, ఆవిడ అన్నది డాక్టరు చెప్పినదాని గురించి కాదు. తరవాత వేలు పెట్టి లెక్కపెట్టింది. "అయిదు. ఆరు." మా అమ్మాయి ఏడని వాదించింది. ఆరేళ్ళ తరవాత కూడా ఆ వాదం తెగలేదు. మామూలు చూపుకి ఆరు, చురుకైన చూపుకి ఏడో ఇంకా ఎక్కువో కనిపిస్తాయని పుస్తకాల్లో ఉంది గనక నేను కలగజేసుకోలేదు.

ఆ మే నెలాఖరున మా అమ్మాయి మళ్ళీ ఒక ప్రశ్న పట్టుకొచ్చింది. రోహిణీ కార్తె, ఎండలు రోళ్ళు పగలగొడుతున్నాయి. కార్తె రోహిణిదైతే ఆకాశంలో రోహిణి ఏదీ? ఎంత వెతికినా లేదు. "కార్తె సుక్క కార్తెలో అవుపించదు. సూరీడింటికి సుట్టపుసూపుకి ఎళ్ళింది" అంది అమ్మ. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యుడి వెలుగులో అది మునిగిపోయి ఉంటుంది. మా అమ్మ నాలుగు ముక్కల్లో చెప్పినది నాకు అర్థం కావడానికి ఒక బంతీ, ఒక నిమ్మకాయా, అరపేజీ బొమ్మా కావలసివచ్చాయి.

రోహిణి మనకి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరం. అంటే ఇప్పుడు చూస్తున్న వెలుగు 65 ఏళ్ళ క్రితం బయల్దేరినది. పిల్ల ఇది విని పరుగెత్తుకెళ్ళి, "మామ్మా, నువ్వు చంటిపాపగా ఉన్నప్పుడు బయల్దేరిందిట!" అంది. "ఇంత ఆలీసంగానా? ఏ బండెక్కిందో" అంది మామ్మ.

ఈ సరదాలో పడ్డాకనే మన ఊరి సంగతులు కూడా నాకు తెలిసివచ్చాయి. 1840 ప్రాంతంలో గొడే వెంకట జగ్గారావుగారు ఈ విశాఖపట్నంలోనే సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడినుంచే పరిశీలించారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. హీలియం కథకి నాంది ఆ గ్రహణమే. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. నేను కాలేజీలో చదివేటప్పుడు ఇవేవీ నాకెవరూ చెప్పలేదు. అడిగి తెలుసుకునే బుద్ధి నాకూ లేదనుకోండి, అర్థశాస్త్రం వాళ్ళకి ఆకాశమంటే ధరలే.

2015లో నగరమంతా తెల్లని ఎల్ఇడి వీధిదీపాలు వేశారు. కరెంటు ఆదా అంటారు, నిజమే. దారిదోపిడీలు తగ్గితే సంతోషమే. కాని మా అమ్మాయి దుమ్ము అన్న పాలపుంత మా డాబా మీంచి మళ్ళీ కనబడలేదు. కృత్తికలు కూడా ఇప్పుడు దిక్కూ వేళా తెలిసినవాళ్ళకే. మొదట్లో మా అమ్మ చూసినట్టే ఇప్పుడు ఊరందరూ చూడాలన్నమాట. పాలపుంత కావాలంటే సంక్రాంతికి మా ఊరు వెళ్ళాలి. అక్కడా ఈ మధ్య గుడి దగ్గర పెద్ద దీపస్తంభం పాతారు. పొలందాకా నడిస్తే తప్ప లాభం లేదు.

అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఖగోళశాస్త్రం కాదు, బీకాం. ఈ వ్యాసం చదివి ఎవరైనా పిల్లల్ని శాస్త్రజ్ఞుల్ని చేద్దామని డాబా ఎక్కిస్తారేమోనని ముందుగానే చెబుతున్నాను. నోటుబుక్కులు మూడు నిండాయి, మూడూ మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అమ్మకి చదువు రాదు, చుక్కలు లెక్కపెట్టుకుంటుంది.

మొన్న అక్టోబరులో రాత్రి తొమ్మిదింటికి పిల్ల ఫోను చేసింది. హాస్టలు డాబాకి తాళం వేస్తారట, వార్డెనుగారిని బతిమాలి తీయించుకుందిట. ఏం కనిపిస్తోందంటే ఏమీ లేదు నాన్నా అంతా దీపాలే అంది. నేను పిడికిళ్ళ లెక్క ఏదో చెప్పబోతుంటే అమ్మ చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"అన్నం తిన్నావేటే? తిన్నాక గదా లెగీది. తూరుపేపు తిరుగు. ఇంకా పైకి కాదు, కిందకి. ఆఁ, ఇప్పుడు నెక్కెట్టు."